మస్టర్ పడని డ్యూటీ
(బొగ్గు బాయిల మీద పనిచేసిన స్త్రీల స్మారకోపన్యాసం, మంచిర్యాల)



ఈ ఉపన్యాసానికి నిధి ఇచ్చినామె భర్త పోయాక సింగరేణి కంపెనీలో జనరల్ మజ్దూర్‌గా చేరింది. లాంపురూంలో పనిచేసి రిటైరైంది. తన పేరు పెట్టొద్దని, బాయి మీద తట్టలెత్తిన ఆడవాళ్ళందరి పేరున జరపమని ఆమె షరతు. అందుకే ఇవాళ నేనూ ఎవరి పేరూ ఎత్తను. మా ఇంటి సంగతితో మొదలుపెడతాను. మీలో సగం మంది ఇంటి సంగతి కూడా అదే.

మా నాయన మందమర్రిలో కోల్ ఫిల్లర్. తట్టా, చెమ్మస్ అనే పారతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. పొద్దున ఏడు నుంచి మూడు, మూడు నుంచి రాత్రి పదకొండు, పదకొండు నుంచి మళ్ళీ ఏడు. వారం మారితే షిఫ్టు మారేది. మొదటి షిఫ్టు వారం అమ్మ నాలుగింటికే లేచి బొగ్గుల పొయ్యి ముట్టించేది. అది అంటుకోవడానికే అరగంట, పొగంతా ఆమె కళ్ళల్లోకే. రెండో షిఫ్టు వారం నాయన నల్లటి ముఖంతో ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. అప్పుడు కాగిన నీళ్ళుండాలి, వేడి అన్నముండాలి. ఆయన తిన్నాక ఆమె తినేది. నైట్ షిఫ్టు వారం ఇంకో తీరు. ఉన్న ఒక్క అర్రలో నాయన పగలు పడుకోవాలి. అమ్మ మమ్మల్ని బయటికి తోలి, గిన్నె చప్పుడు కాకుండా వండేది. “నాయన రాత్రికి బాయి దిగాలె బిడ్డా, నిద్ర పట్టనియ్యిండ్రి” అనేది. నిద్ర చాలక బాయిలో కాలు జారితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. గుసగుసలాడటం మాకు బడికంటే ముందే వచ్చింది.

మూడు షిఫ్టుల్లోనూ అమ్మకు డ్యూటీ ఉంది. నాయనకు మస్టర్, అంటే హాజరు, పడేది; అమ్మకు పడేది కాదు. అప్పటి గనుల చట్టం ప్రకారం జీతంతో కూడిన సెలవు దక్కాలంటే ఏడాదికి బాయి లోపల పనిచేసేవాళ్ళకు 190 మస్టర్లు, మిగతావాళ్ళకు 240 మస్టర్లు ఉండాల్సి వచ్చేది. ఆ 190 మస్టర్లలో అమ్మ మేల్కొనకుండా పడ్డది ఒక్కటీ లేదు. ఆమె ఒక్కరోజు నాగా పెడితే నాయనకూ నాగానే.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. 1889లో ఇల్లెందులో మొదలై గోదావరి దాటి బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్ దాకా విస్తరించిన ఈ బొగ్గు పరిశ్రమ షిఫ్టు గడియారాన్ని ఒక నమ్మకం మీద బిగించింది. ప్రతి కార్మికుడి ఇంట్లో జీతం లేని మనిషి ఒకరు ఏ వేళకైనా లేచి ఉంటారన్నదే ఆ నమ్మకం. టన్నుకు ఎంత ఖర్చయిందో కంపెనీ లెక్కగట్టింది. ఈ మనిషి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

ఆడవాళ్ళు బొగ్గుపనికి కొత్తవాళ్ళేమీ కారు. బ్రిటిష్ ఇండియాలో భర్తల పక్కనే బాయిల్లో పనిచేసిన వేలమంది స్త్రీలను 1929 నియమాలతో మెల్లమెల్లగా పైకి పంపారు. యుద్ధకాలంలో బొగ్గు కరువై 1943లో మళ్ళీ దించారు. యుద్ధం ముగియగానే 1946లో మళ్ళీ ఎక్కించారు. అవసరానికి దించడం, తీరగానే పంపడం: దీన్ని రక్షణ అన్నారు. బాయి లోపలి పని ప్రమాదకరమన్నది నిజమే. ప్రమాదమని ఆడవాళ్ళను ఆపినప్పుడు మగవాళ్ళ ప్రమాదాన్ని ఎందుకు తగ్గించలేదన్నది నా ప్రశ్న. 1952 గనుల చట్టం 46వ సెక్షన్‌తో తలుపు పూర్తిగా మూసుకుంది. లోపలికి రావద్దు, పైన కూడా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకే.

తలుపు మూశాక ఆడవాళ్ళు కంపెనీలోకి ఎక్కువగా వచ్చిన దారి ఏమిటో మీకు తెలుసు. భర్త చనిపోవాలి, లేదా తండ్రి అన్‌ఫిట్ కావాలి. ఈ నిధి ఇచ్చినామె వచ్చిన దారి అదే. డిపెండెంట్ ఉద్యోగం మన కుటుంబాలను నిలబెట్టిన మాట నిజం. ఆ మేలును నేను కాదనను. అదే ఉద్యోగం ఇంట్లో ఆడపిల్ల స్థానాన్ని ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో వారసుల వరుస రాసినప్పుడు కొడుకు పెళ్ళయినా కొడుకే. కూతురు పక్కన మాత్రం ‘పెళ్ళికాని’ అని చేర్చారు. సొంత వారసులు లేనిచోట అల్లుడి పేరు వచ్చింది. దాంతో మామ ఉద్యోగం కట్నంలా మారిన పెళ్ళిళ్ళు మన కాలనీల్లో ఎన్ని జరగలేదు? తండ్రి ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని సంపాదించిన హక్కు, కూతురి చేతికి రాకుండా ఆమె మొగుడి చేతికి పోయింది. పెళ్ళయిన కూతుళ్ళను మినహాయించడం చెల్లదని ఛత్తీస్‌గఢ్ హైకోర్టు చెప్పింది. మన దగ్గర ఆ మాట కోర్టుకు వెళ్ళకముందే యూనియన్లు అని ఉండాల్సింది.

ఇక్కడ ఒక చిన్న జ్ఞాపకం చెప్పనివ్వండి.

రెండో షిఫ్టు వారం నాయన పొద్దున ఇంట్లో ఉండేవాడు. అమ్మ నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడి ఉంటే, ఆయన నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వి రెండు జడలు వేసేవాడు. చెమ్మస్ పట్టి కాయలు కాసిన చేతులు రిబ్బన్ ముడి మాత్రం మెత్తగా వేసేవి. వాకిట్లో ఎవరన్నా కనబడితే లేచి తలుపు దగ్గరికి వేసేవాడు. మగవాడు బిడ్డకు జడ వేయడం చూస్తే నవ్వుతారని. మూడు వారాల్లో ఆ ఒక్క వారమే మా నాయన మాకు దక్కింది. పనివేళ కాస్త వీలిస్తే ఆయన చేతులకు ఆ పని వచ్చింది. ఆ తలుపు వేసినది మాత్రం షిఫ్టు కాదు, మన వాడకట్టు. వేళలు మార్చగానే అన్నీ మారిపోతాయని నేను అనకపోవడానికి కారణం ఆ తలుపే.

ఇది మా వాడకట్టు సంగతే కాదు. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే చూడండి. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. అసలు ఆ పని ముట్టని మగవాళ్ళు ఈ లెక్కలోనే లేరు.

బాయి లేని ఊళ్ళలో మేలా అంటే, పడమటికి పోయి చూడండి. నిర్మల్, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల. మగవాడు దుబాయి పోతే ఆడది ఇంట్లో చాట ముందేసుకుని బీడీలు చుడుతుంది. వెయ్యికి ఇంత అని కూలి. అక్కడ షిఫ్టే లేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నా, బిడ్డ పాలు తాగుతున్నా ఆకు కత్తిరిస్తూనే ఉంటుంది. ఇంట్లో ఉండి చేసుకునే పని ఆడవాళ్ళకు అనుకూలమని చెప్పేవాళ్ళు ఒక్క రోజు ఆ చాట ముందు కూర్చోవాలి.

ఇప్పుడు చట్టం మారింది. 2019 నోటిఫికేషన్‌తో రాతపూర్వక సమ్మతి ఉంటే బాయి మీద రాత్రిపూట, సాంకేతిక, పర్యవేక్షక, మేనేజర్ పనుల్లో అయితే పగటిపూట బాయి లోపల కూడా స్త్రీలను పెట్టుకోవచ్చన్నారు. 2020లో చేసిన వృత్తిభద్రత కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చి, సమ్మతితో అన్ని పనులూ వారికి తెరిచింది. సంతోషం. మైనింగ్ చదివిన ఆడపిల్ల క్యాప్‌ల్యాంపు పెట్టుకుని దిగుతుంటే మా అమ్మ చూసి ఉంటే బాగుండేది. అయితే సమ్మతి ఎవరిది? సంతకం ఆమెది. రాత్రి పదకొండుకు ఆమె బయల్దేరితే మూడేళ్ళ బిడ్డ పక్కన ఎవరు పడుకుంటారో తేలితే తప్ప ఆ సంతకం ఆమె చేతిలో ఉండదు. ఆమె మగడిదీ అదే వారం నైట్ షిఫ్టయితే? ఆమె కోసం ఇంట్లో నీళ్ళు కాచి మేల్కొనే మనిషి ఎవరు? పాత గడియారం అలాగే ఉంచి ఆమెను లోపలికి పిలిస్తే రెండు డ్యూటీలు ఆమె మీదే పడతాయి.

1966 గనుల శిశుసంరక్షణ నియమాలు చదవండి. బాయిలో స్త్రీలు పనిచేస్తుంటేనే పిల్లల గది పెట్టాలన్నాయి. వెయ్యి మంది తండ్రులున్న బాయికి ఆ గది అక్కర్లేదనుకున్నారు! మగ కార్మికుడికి బిడ్డ ఉంటుందన్న ఊహే ఆ నియమాల్లో లేకపోయింది.

కాంట్రాక్టు కార్మికుల గురించి ఒక్క లెక్క చెప్తాను. 2024లో కంపెనీ లాభాల వాటా పంచినప్పుడు 41,837 మంది పర్మినెంటు కార్మికులకు సగటున లక్షా తొంభై వేలు వచ్చాయి. పాతిక వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5,000 రూపాయలు ఇచ్చారు. అంతకుముందు అదీ లేదు. మన కాలనీలు ఊడ్చే ఆడవాళ్ళు ఆ రెండో వరుసలో ఉన్నారు. వాళ్ళ బిడ్డల గురించి మాట్లాడకుండా సమానత్వం గురించి మాట్లాడితే అది సగం మాట.

యూనియన్ నాయకులు ఈ సభలో ఉన్నారు కనుక నేరుగా అడుగుతున్నాను. 11వ వేతన ఒప్పందం 2021 జూలై 1 నుంచి ఐదేళ్ళకు కుదిరింది. 12వ ఒప్పందం కోర్కెల పత్రంలో జీతం అంకెల పక్కనే ఇవీ రాయండి. షిఫ్టు జాబితా నెల ముందే చేతికివ్వాలి. భార్యాభర్తలిద్దరూ కంపెనీలో ఉంటే ఒకే రాత్రి ఇద్దరికీ డ్యూటీ వేయకూడదు. పిల్లల గది తండ్రులున్న ప్రతి బాయికీ ఉండాలి, మూడు షిఫ్టులూ తెరిచి ఉండాలి, కాంట్రాక్టు కార్మికుల పిల్లలకూ చోటుండాలి. బిడ్డ పుడితే తండ్రికి జీతంతో సెలవు ఉండాలి. వారసుల వరుసలో కూతురి ముందున్న ‘పెళ్ళికాని’ అన్న మాట కొట్టివేయాలి.

ఆ పత్రం రాసే రోజు మీ ఇళ్ళలోని ఆడవాళ్ళను కూడా బల్ల దగ్గరికి పిలవండి. వంట, పిల్లల సంగతి ఆ పూటకు మీరు చూసుకోండి.