చీనావారి గింజలు: వంటింట, వైద్యశాలలో
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



మేము గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నాము. చదువు మెట్రిక్కుతో ఆగినది. వైద్యులము కాము. అయినా పప్పుధాన్యాల బస్తాల లెక్కలు వ్రాసే చేతితోనే చీనావారి గింజలను గురించి నాలుగు మాటలు మనవి చేయవలెనని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఎందుకో చివర తెలియగలదు.

ఈ ఉదయం మనమందరము షడ్రుచుల పచ్చడి తిన్నాము. చీనావారు రుచులు అయిదే అంటారు. వగరును వేరుగా లెక్కించరు. రంగులూ వారికి అయిదే. ఆకుపచ్చ కాలేయానికి, ఎరుపు గుండెకు, పసుపు ప్లీహానికి, తెలుపు ఊపిరితిత్తులకు, నలుపు మూత్రపిండాలకు చెందినవని వారి శాస్త్రం. కాబట్టి గింజ రంగును చూచి గుణం చెప్పడం వారికి అలవాటు. మనం వేడి చేసేవి, చలువ చేసేవి అన్నట్లే వారూ అంటారు.

పచ్చనిది పెసర. ఇది మొదట మన దేశంలోనే సాగుకు వచ్చి, తరువాత చీనాకు చేరిన పంట. అక్కడ వేసవిలో పొట్టుతోనే పెసలు ఉడికించి, చక్కెర వేసి, చల్లార్చి త్రాగుతారు. చలువ అంతా పొట్టులోనే ఉన్నదని వారి నమ్మకం. పెసల మొలకలు కూరకు, పెసల నుండి తీసిన పిండితో సన్నని సేమ్యా పులుసులకు వాడతారు. జీర్ణశక్తి తక్కువైనవారు, చలువ పడనివారు మితంగా తీసుకోవాలని వారే హెచ్చరిస్తారు.

తెల్లనిది మన చిక్కుడు గింజే. దానిని వేయించి, అజీర్ణానికీ విరేచనాలకూ ఇచ్చే చూర్ణాలలో కలుపుతారు. చిక్కుడును చక్కగా ఉడికించక తింటే వికారం, వాంతులు కలుగుతాయి. అందుకే వేయించడమో, బాగా ఉడికించడమో తప్పదు.

సోయా చిక్కుడు పసుపుదీ ఉన్నది, నల్లదీ ఉన్నది. నల్లదానిని మూత్రపిండాలకు బలమంటారు. పులియబెట్టిన సోయా గింజలను సుమారు 1800 సంవత్సరాల క్రిందటి జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు జ్వరానంతరం కలిగే కలతకు, నిద్రలేమికి కషాయంలో వాడాడు. అదే పులిసిన గింజ నేడూ వంటింట్లో చేపకు, కూరకు రుచినిస్తున్నది. సోయా పాలను జిప్సంతో విరిచి, ఒత్తి చేసే తోఫును మాంసం తినని బౌద్ధ సన్యాసులు ఆదరించారు.

1578లో లీ షిజెన్ అనే వైద్యుడు ముగించిన ‘బెన్‌సావ్ గాంగ్‌ము’ అను గ్రంథంలో 1892 ద్రవ్యాల వివరాలున్నవి. గింజలూ అందులో చేరినవే. ఆయన గతించిన తరువాత 1596లో అది అచ్చయినది.

ఇక ఎర్రనిది. మన బొబ్బర్లకు చుట్టమైన చిన్న గింజ అది. తీపి ముద్దగా చేసి పండుగ భక్ష్యాలలో పెడతారు. ఒంట చేరిన నీరు దిగడానికి దానిని మంచినీటి చేపతో కలిపి ఉడికించి ఇస్తారు. ఎర్ర గింజ అనే పేరు అక్కడ మన గురివిందకు కూడ ఉన్నది. గురివింద విషమని మన పిల్లలకు సైతం తెలుసు! పేరొకటైనంత మాత్రాన గుణమొకటి కాదు.

ఈ ఎర్ర గింజే మాకు పాఠం నేర్పినది. పోయిన వానకాలంలో మా నాన్నగారి పాదాలు వాచినవి. మేము ఎక్కడో చదివిన మాట పట్టుకుని ఆ గింజ కోసం బజారంతా తిరిగాము. దొరకలేదు. ఉలవలూ గింజలే కదా అని పది దినాలు ఉలవ కషాయం పోశాము. వాపు మోకాళ్ళ దాక ఎక్కినది. మా అమ్మ కన్నీళ్ళు పెట్టుకుని, “ఒరే, పుస్తకం మూసి డాక్టరు దగ్గరికి తీసుకుపోరా” అన్నది. అక్కడ మూత్రం పరీక్షిస్తే మూత్రపిండాల జబ్బు బయటపడినది.

“పది రోజులు ఎందుకాగారండీ?” అని డాక్టరుగారు అడిగితే మాకు తల ఎత్తడానికి ముఖం చెల్లలేదు. పప్పు ఎంత తినవలెనో కూడ ఆయనే కొలత చెప్పి వ్రాసి ఇచ్చారు. భగవంతుని దయవలన, మందుల వలన వాపు తగ్గినది. నాన్నగారు ఈ సభలో ముందు వరుసలోనే కూర్చున్నారు.

చీనావారి గింజలను మేము తక్కువ చేయడం లేదు. వేసవిలో పెసర కట్టు మా ఇంట ఇప్పటికీ కాస్తున్నాము. పైని చెప్పిన వైద్యగుణాలు పెద్దల అనుభవమూ, నమ్మకమూ. అన్నీ పరీక్షలకు నిలిచినవి కావు. మన ఊరికి, మన వారికి దూరంగా ఉన్న మనకు పెద్ద దిక్కు లేక చేతివైద్యం చేసుకోవడం అలవాటైనది. ఆకలికి గింజ, రోగానికి వైద్యుడు. కాళ్ళు వాచినా, జ్వరం విడవకున్నా ఒక్క దినమైనా ఆలస్యం చేయవద్దని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాము.