మంజూరా, ఆంక్షలా?

ఇవాళ ఒక్క మాట గురించే చెబుతాను. అది ఇంగ్లిష్ నుంచి వచ్చిన ‘శాంక్షన్’.

పత్రికలో చేరిన కొత్తలో నా పని వార్తా ఏజెన్సీల ఇంగ్లిష్ వార్తలను తెలుగు చేయడం. ఒక అధికారి మీద అవినీతి కేసు నడపడానికి ప్రభుత్వం శాంక్షన్ ఇచ్చిందని ఒకరోజు వార్త వచ్చింది. అధికారిపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టిందని రాశాను. మా సీనియర్ కాగితం వెనక్కిచ్చి, “ఎవరు ఎవరికి ఏమిచ్చారయ్యా? ముందది తేల్చుకో” అన్నారు.

1988 నాటి అవినీతి నిరోధక చట్టంలో 19వ సెక్షన్ ఉంది. ప్రభుత్వోద్యోగిపై కేసును కోర్టు స్వీకరించాలంటే ముందు పైవారి అనుమతి కావాలి. ఆ అనుమతే శాంక్షన్. బ్యాంకు అప్పు మంజూరు చేసినా శాంక్షనే. 1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా మన దేశంపై విధించిన ఆంక్షలూ శాంక్షన్లే. ఒకచోట ఇవ్వడం, ఇంకోచోట ఆపడం.

ఈ మాట పుట్టుక లాటిన్‌లో. పవిత్రం చేయడం, శాసనంగా స్థిరపరచడం అని అర్థం. 1713లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి ఆరో చార్లెస్ తన రాజ్యం కూతురికైనా దక్కేలా చేసిన శాసనం పేరు ప్రాగ్మాటిక్ శాంక్షన్. శాసనమన్నాక, మీరినవాడికి శిక్ష కూడా ఉంటుంది కదా! ఆ శిక్షకూ అదే పేరు వచ్చింది. 1935లో ఇథియోపియాపై దండెత్తిన ఇటలీ మీద నానాజాతి సమితి విధించినవి ఆ రకం శాంక్షన్లే.

డెస్కులో మాకు పనికొచ్చిన గుర్తు ఒకటి చెబుతాను. ఫలానా పని‘కి’ శాంక్షన్ అంటే దాదాపు ఎప్పుడూ అనుమతి. ఫలానా దేశం ‘మీద’ అంటే ఆంక్షలు.

అయితే మన ‘ఆంక్షలు’ అనే మాట కూడా రెండు బరువులు మోస్తోంది. వినాయక నిమజ్జనం రోజు హైదరాబాద్‌లో ట్రాఫిక్ ఆంక్షలు. 1990లో కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలు. మొదటిది ఒక పూట దారి మళ్లింపు. రెండోది సామాన్యుల తిండికీ మందులకూ ఏళ్ల తరబడి కొరత తెచ్చిన శిక్ష. అలాంటిచోట ఒక్క మాటతో సరిపెట్టకండి. ఏ సరుకు ఆపారో, ఎవరి సొమ్ము స్తంభింపజేశారో కూడా రాయండి.

ఇప్పుడు చాలా వార్తల్లో ‘శాంక్షన్’ అని తెలుగు అక్షరాల్లో రాసి వదిలేస్తున్నారు. మంజూరు, అనుమతి, ఆమోదం, ఆంక్ష అని ఇన్ని మాటలు మన చేతిలో ఉన్నాయి. వాటిని వాడకపోతే నష్టపోయేది పాఠకుడే. ఆ అధికారిని బోనెక్కించడానికి ఒప్పుకున్నారో, కాపాడుతున్నారో అరుగు మీద పేపరు చదువుకునే మనిషికి తెలిసి తీరాలి. అతని పన్నుల డబ్బు సంగతది. అందుకే వార్త రాసే పిల్లలకు మా సీనియర్ ప్రశ్ననే అప్పగిస్తున్నాను: ఎవరు, ఎవరికి, ఏమిచ్చారు?