లైకు కొడితే చాలదు, రసీదు కావాలి

 

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. జిల్లా కబుర్లు ఇప్పుడు మనకు ముందుగా ఫోన్‌లోనే తెలుస్తున్నాయి. అధికారుల పర్యటన, కొత్త పథకం, సభ ఫొటో అన్నీ ఫేస్‌బుక్‌లో చూసి లైకు కొడతాం. కానీ ఆ ఫొటో కింద 'మా తండాకు నీళ్లు రావడం లేదు' అని రాస్తే అది అర్జీ కాదు. దానికి నంబరు ఉండదు, గడువు ఉండదు.

ప్రభుత్వం చూపించేది వేరు, తెరిచి పెట్టింది వేరు. మీభూమిలో అడంగల్, 1-బి చూడొచ్చు. ఉపాధి హామీ వెబ్‌సైటులో జాబ్ కార్డు, మస్టరు, పడిన కూలి చూడొచ్చు. ఇది ఎవరి దయా కాదు. అడగకముందే సమాచారాన్ని ప్రజల ముందు, ఇంటర్నెట్‌లోనూ పెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. 2025 జనవరి 30న 161 సేవలతో వచ్చిన 'మన మిత్ర'తో వాట్సాప్‌లోనే అర్జీ పెట్టొచ్చు.

ఆళ్లగడ్డ వైపు తండాల్లో, అహోబిలం దగ్గరి చెంచు గూడేల్లో చాలామంది అవ్వాతాతలకు ఇవి చదవడం రాదు. అడంగల్‌లో పేరు తప్పు పడిందని లోను అడిగిన రోజే తెలుస్తుంది. మనకు చదువొచ్చు. నెలకోసారి ఇంటింటి రికార్డు చూద్దాం. తప్పుంటే ప్రింటు తీసి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకుందాం. సిగ్నల్ అందని గూడేనికి ఆ కాగితం మనమే తీసుకుపోదాం. ఎవరి ఆధార్, ఓటీపీ మాత్రం గ్రూపుల్లో పెట్టొద్దు.

వచ్చే నెల ఏ తండాతో మొదలుపెడదామో ఈరోజే చెప్పండి.