పొంగలి కుండ - 29వ అధికరణం

(సంక్రాంతి సందర్భంగా తమిళనాడు తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంక్రాంతిని గురించి మాట్లాడవలసిందిగా నన్ను కోరారు. అనుమతిస్తే ముందుగా మన పొరుగువారి పండుగను గురించి చెబుతాను. మదురై చుట్టుపట్ల పల్లెలలో తమిళ రైతులు జరుపుకొనే పొంగల్‌లో మనం నేర్వవలసిన పాఠం ఒకటి ఉన్నది.

మార్గళి నెల కడపటి దినం భోగి. ఆనాడు పాత చాపలను మంటలో వేస్తారు. వేపాకు, తంగేడు పూలు కట్టగా కట్టి ఇంటి చూరులో చెక్కుతారు. దానిని 'కాప్పు' అంటారు. మరునాడు తై నెల మొదటి రోజు. వాకిట్లో తూర్పుముఖంగా పొయ్యి పెట్టి, కొత్త కుండ మెడకు కొమ్ముతో సహా పచ్చి పసుపు మొక్కను కట్టి, ప్రక్కన చెరకు గడలు నిలుపుతారు. కొత్త బియ్యం, పాలు, బెల్లంతో పొంగలి వండుతారు. పాలు పొంగి అంచు దాటిన క్షణాన ఇంటిల్లిపాదీ "పొంగలో పొంగల్" అని ఎలుగెత్తుతారు. ఆ మరునాడు మాట్టు పొంగల్, అనగా పశువుల పండుగ, మన కనుమ. పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, దండలు కట్టి, పొంగలి తినిపిస్తారు. అటుపిమ్మట కాణుం పొంగల్ నాడు బంధువుల ఇండ్లకు వెళ్లి పెద్దలకు మొక్కుతారు. ఈ దినాలలోనే అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరులలో వరుసగా జల్లికట్టు జరుగుతుంది.

ఈ జల్లికట్టు న్యాయస్థానం మెట్లెక్కింది. 2014 మే 7న సుప్రీంకోర్టు దానిని నిషేధించింది. 2017 జనవరిలో చెన్నై మెరీనా తీరాన, మదురైలో వేలాది యువకులు నిలబడ్డారు. ఆ నెలలోనే రాష్ట్రం చట్టాన్ని సవరించింది. ఆ సవరణ చెల్లుతుందని 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆటలో మనుషులు ప్రాణాలు కోల్పోయిన మాట వాస్తవం. మూగజీవుల పక్షాన వాదించినవారి వేదననూ నేను తేలికగా తీసుకోను. అయితే న్యాయవాదిగా నన్ను ఆకర్షించినది వేరొక అంశం. ధర్మాసనం ముందు నిలిచిన ప్రశ్నలలో ఒకటి రాజ్యాంగం 29వ అధికరణానికి చెందినది. జల్లికట్టు కనీసం ఒక శతాబ్దంగా జరుగుతున్నదని ధర్మాసనం గుర్తించింది. అది తమిళ సంస్కృతిలో భాగమన్న శాసనసభ నిర్ణయాన్ని అంగీకరించింది. ఏటేటా పల్లె చేసిన ఆచరణే అక్కడ సాక్ష్యమై నిలిచింది.

మరొక ఉదాహరణ. తై మొదటి రోజే తమిళ సంవత్సరాది అని 2008లో ఒక చట్టం వచ్చింది. 2011లో మరొక ప్రభుత్వం దానిని రద్దు చేసి, సంవత్సరాదిని తిరిగి చిత్తిరై నెలకు మార్చింది. చట్టం వచ్చినప్పుడు పల్లెలో కుండ రెండుసార్లు పొంగలేదు. చట్టం పోయినప్పుడు పొయ్యి ఆరిపోలేదు. పండుగను నిలిపినది శాసనం కాదు, వాకిలి.

29వ అధికరణం మొదటి ఖండాన్ని శ్రద్ధగా చదవండి. తమదైన భాష, లిపి, సంస్కృతి కలిగియున్న పౌరులకు వాటిని పరిరక్షించుకొనే హక్కు ఉన్నదని అది చెబుతున్నది. 'కలిగియున్న' అన్న మాట వద్ద ఆగుదాం. లేనిదానిని ఎవరూ పరిరక్షించుకోలేరు. మన బడులలో తెలుగు ఉండాలని నేను న్యాయస్థానాలలో వాదిస్తాను; ఇకముందూ వాదిస్తాను. కాని ఇంట తెలుగు పలకని బిడ్డ పక్షాన నేను ఏ సాక్ష్యం చూపగలను? శతాబ్దాలుగా ఇక్కడే ఉన్నాం, ఇదే మట్టి కుండలో వండుకుంటున్నాం. పొరుగువాడు తన కుండకు, తన పశువుకు, తన పూవుకు తన మాటలోనే పేరు పెట్టి పిలుస్తున్నాడు. మన బిడ్డలలో ఎందరికి 'ఆవారం పూ'ను తంగేడు అంటారని తెలుసు?

తమిళం నేర్వవద్దని నేను అనను. అది మనకు అన్నం పెట్టిన నేల భాష, బాగా నేర్వాలి. నేను కోరేది ఒక్కటే. ఈ కనుమ నాడు మీ మనుమలను పెరటిలోకి తీసుకువెళ్లి కాడి, మేడి, పలుపు, గాదె, పసుపు కొమ్ము చూపి, ఆ పేర్లు వారి నోట పలికించండి. న్యాయస్థానంలో నేను చేయవలసిన వాదనకు బలం అక్కడి నుంచే రావాలి.