నూతన చిత్రకళ – అతిథి ప్రసంగములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



వచ్చు ఏటినుండి చిత్రకళాశాలల నుండి ఏటికొక అతిథిని రావించి, నేటి చిత్రకళను గూర్చి మన పఠనమందిరమున మాటాడింపవలెనను ప్రతిపాదన కార్యవర్గము ముందున్నది. “ఎరువుల సంగతి చెప్పువాడు కావలెను గాని, వంకరగీతల సంగతి చెప్పువాడు మనకేల?” అని కొందరు పెద్దలు అడుగుచున్నారు. ప్రశ్న సహజమైనదే. జమాఖర్చులతో వయస్సు గడచినవాడను గనుక, ఏ ఖర్చు ఏ పద్దు క్రింద వ్రాయవలెనని అడుగుట నాకును అలవాటే. అయినను ఈ పద్దు మనకు క్రొత్తది కాదని మనవి చేయుటకే నిలిచితిని.

విష్ణుధర్మోత్తర పురాణము మూడవ ఖండమున వజ్రుడను రాజు మార్కండేయ మహర్షిని దేవతాప్రతిమలను నిర్మించు విధమడుగును. మహర్షి వెంటనే చెప్పడు. చిత్రసూత్రమెరుగనివానికి ప్రతిమాలక్షణము తెలియదనును. నృత్తమెరుగనివానికి చిత్రము, వాద్యమెరుగనివానికి నృత్తము, గీతమెరుగనివానికి వాద్యము తెలియవని వరుసగా వెనుకకు నడిపించును. అడిగినవాడు శిల్పి కాడు, రాజు. ఉలి పట్టనివాడడిగినను మహర్షి “నీకేల?” అనలేదు. ఆ గ్రంథముననే మరియొక మాట కలదు. చిత్రమున ఆచార్యులు రేఖను, విచక్షణులు ఛాయావిన్యాసమును, స్త్రీలు భూషణములను, తక్కినవారు రంగుల నిండుదనమును మెచ్చుకొందురట. (మన మహిళాసభ్యులు నాపై కోపింపరాదు, మాట గ్రంథకర్తది.) కావున అందరి చిత్తములను గ్రహించునట్లు చిత్రింపవలెనని శాసించినాడు. రంగులను మాత్రమే మెచ్చు ‘తక్కినవారి’ని గూడ లెక్కలోనికి తీసికొన్న శాస్త్రమది.

ఈ చిత్రసూత్రమును 1924లో ఆంగ్లమున ప్రకటించిన విదుషి స్టెల్లా క్రామ్రిష్. నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యమున 1896లో జన్మించి, 1919లో వియన్నా విశ్వవిద్యాలయమున పట్టము పొందినది. ఇంగ్లండున ఆమె ప్రసంగము విని రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనమునకు ఆహ్వానించెను. 1922లో అచ్చటి కళాభవనమున ఆమె ఐరోపా చిత్రశిల్పములను గూర్చి వరుసగా ఉపన్యసించినది. శతాబ్దముల నాటి గాథిక్ దేవాలయములతో మొదలిడి దాదా ఉద్యమము వరకు చెప్పుకొని వచ్చినదట. దాదా యనునది ప్రపంచయుద్ధము నడుమ 1916లో స్విట్జర్లండున పుట్టినది. అప్పటికి ఆరేండ్ల పసికూన. సముద్రముల కావలనున్న ఆ పసికూనను గూర్చి వంగదేశపు పల్లెపట్టున విద్యార్థులు విన్నారు. మూలచిత్రములు ఐరోపా మందిరములలోనే యున్నవి. మాట మాత్రమే ప్రయాణము చేసినది.

ఇందుచేత మనవారు పరానుకరణలో బడిరా? నాటి విద్యార్థులలో వినోదబిహారీ ముఖర్జీ యొకడు. 1946-47లో ఆయన శాంతినికేతన హిందీభవనపు గోడలమీద మధ్యయుగపు భక్తుల చరిత్రలను చిత్రించెను. ఐరోపా మాట చెవిని బడినంతమాత్రమున చేయి ఐరోపాది కాలేదు. చెప్పవచ్చిన అతిథియు రిక్తహస్తములతో పోలేదు గదా! మన చిత్రసూత్రమును లోకమునకు అందించినది. ఇచ్చిపుచ్చుకొనుటలో ఏ ఖాతా నష్టపడలేదని నా లెక్క.

1922 డిసెంబరులో కలకత్తాలో జరిగిన ఒక ప్రదర్శనమునకు ఈమె ప్రయత్నము వలననే జర్మనీలోని బౌహౌస్ అను కళాశాల గురువుల చిత్రములు వచ్చినవి. అందు పాల్ క్లే యనువాని చిత్రములును కలవు. ఆ క్లే 1924 జనవరిలో యేనా పట్టణమున, తన చిత్రములున్న ప్రదర్శనశాలలోనే, నూతనకళను గూర్చి ప్రసంగించెను. అది ఆయన మరణానంతరము 1945లో గ్రంథముగా వెలువడినది. అందొక వృక్షోపమానమున్నది, సేద్యము చేయువారు దానిని నాకంటె బాగుగ నెరుగుదురు. వేరు భూమిలోని సారమును పీల్చును, అది మ్రాను గుండా కొమ్మలకు పోవును. కళాకారుడు ఆ మ్రాను వంటివాడు. కొమ్మ వేరువలె నుండలేదని చెట్టును నిందించువాడెవడు? లోకము వేరైనచో చిత్రము కొమ్మ. చూచినది చూచినట్లే లేదని కినియనేల యని భావము. తన గీతలు పిల్లల గీతలవలె నున్నవను అపవాదమునకును ఆయన అచ్చటనే సమాధానము చెప్పెను. మనవారి వంకరగీతల ప్రశ్న యేనాలోను పుట్టినదన్నమాట! తుదకు, ప్రజ ఇంకను తమ వెంట లేదని, ఆ ప్రజను వెదకుచున్నామని బాధతో పలికెను.

ఆ బాధ ఉత్తది కాదు. 1933లో నాజీ ప్రభుత్వపు ఒత్తిడివలన బౌహౌస్ మూతపడినది. క్లే ఉద్యోగము పోయినది. 1937లో మ్యూనిక్ నగరమున ఆ ప్రభుత్వమే ‘భ్రష్టకళ’ యను పేర ప్రదర్శన మొకటి పెట్టి, గోడల నిండ ఎగతాళి వ్రాతలు వ్రాయించి, నవ్విపోవుటకు ప్రజలను పిలిచినది. క్లే కృతులు పదునేడు అందున్నవి. ఆ గోడల వ్రాతలును ఒక విధమైన ఉపన్యాసమే! ఎరిగినవాడు ముందుగా వచ్చి ఓర్పుతో చెప్పని చోట, ద్వేషించువాడు వచ్చి చెప్పును. వినువారు మాత్రము ఆ జనమే. ఎరువుల సంగతి తప్పక విందము. కాని ఈ ప్రమాదము ఎరువుల చేత తీరునది కాదు.

మన సంగతికి వత్తము. అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’ను మన చందాదారులు అట్టలు ఊడునంతగా చదివిరి. ఆయన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని కడ చిత్రకళ నభ్యసించిన చిత్రకారుడని ఎందరికి తెలియును? ఆయన వ్రాసిన బొమ్మ చూపుమని ఇంతవరకు ఒక్కరును అడుగలేదు. లోపము చదువరులది కాదు, చెప్పువాడు లేకపోయెను.

అయితే అతిథులందరును క్రామ్రిష్‌లు కారు. కొందరు పెద్దమాటలు పేర్చి, బొమ్మను మరింత చీకటిలోనికి నెట్టుదురు. కావున కార్యవర్గమునకు నా మనవి: ప్రసంగమునకు పక్షము దినములు ముందుగనే చిత్రముల అచ్చుప్రతులను మన గోడకు వ్రేలాడదీయవలెను. జనులు చూచి, విసిగికొని, తగవులాడుకొని, సిద్ధముగా రావలెను. ప్రసంగము గంట, ప్రశ్నలు గంట. మొదటి ప్రశ్న బడి ముఖము చూడనివారిది కావలెను. ఖర్చా? బస్సు చార్జీలు, ఒకపూట భోజనము. పూలదండ మానుకొన్నను నష్టము లేదు.

రెండవ బీరువాలో చిత్రకళను గూర్చిన పుస్తకములు మూడు కలవు. సభ ముగియగనే వానిని బల్లమీద నుంచెదము. పుటలు త్రిప్పి చూడవచ్చును. పానకము త్రాగిన చేతులు కడిగికొని రండు.