బడి పిల్లల సద్దిమూట

పెద్దల మాట సద్దిమూట అని మనవారు చెప్పుదురు. ఆకలి వేళకు అక్కరకు వచ్చునది, దారిలో పాడుకానిది, మోయుటకు బరువుకానిది, తిన్నవారికి సత్తువ నిచ్చునది సద్దిమూట. బడికి పోవు బిడ్డ చేతి డబ్బాకును ఈ నాలుగు గుణములే కావలయును. కౌతాళము, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల తల్లులను మనసులో నుంచుకొని ఈనాడు ఆ డబ్బాను గూర్చి కొన్ని మాటలు మనవి చేసెదము.

బడిలో మధ్యాహ్నము అన్నము పెట్టుచుండగా మరల డబ్బా యెందులకని కొందరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు ఇచ్చిన ఉత్తరువు ననుసరించి మన రాష్ట్రములోని సర్కారు బడులలో 2003 జనవరి నుండి వండిన భోజనము పెట్టుచున్నారు. 2024లో దానికి అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ప్రాథమిక పాఠశాల బిడ్డకు ఆ భోజనము వలన 450 కెలోరీల శక్తియు, 12 గ్రాముల మాంసకృత్తులును అందవలెనని నియమము. ఇది చిన్న మేలు కాదు. అయినను అది మధ్యాహ్నపు ఆకలికి చెప్పిన మందు. ఉదయపు ఆకలి మాట యేమి?

మన పల్లెలలో పత్తి తీయు దినములు వచ్చెనా, తల్లి తెల్లవారకమునుపే కూలికి బయలుదేరును. బిడ్డ ఒక గుక్కెడు టీ త్రాగి, రెండు బిస్కట్లు నమలి బడికి పోవును. పదకొండు గంటలకు పలకపై అక్షరములు కనబడవు, కడుపు కనబడును. అట్టి బిడ్డను మందమతి యని పంతులుగారు అనుకొన్నచో తప్పు ఎవరిది? ఇక బస్సెక్కి ఆదోనికో, ఎమ్మిగనూరుకో ప్రైవేటు బడులకు పోవు పిల్లలకు ఆ డబ్బాయే భోజనము. కనుక కొందరికి అది ఉదయపు చిరుతిండి, మరికొందరికి మధ్యాహ్నపు అన్నము. ఇద్దరికిని అది ముఖ్యమే.

ముందుగా మన ఎండను గూర్చి ఆలోచింపవలెను. వండిన అన్నములో కూడ కొన్ని సూక్ష్మజీవుల విత్తులు చావక మిగిలియుండును. అన్నము గంటల తరబడి గోరువెచ్చగా నున్నచో అవి పెరిగి విషమును పుట్టించును. మరల వేడిచేసినను ఆ విషము పోదు. కావున రాత్రి మిగిలిన అన్నమును తాలింపు పెట్టి డబ్బాకెత్తుట మంచిది కాదు. ఉదయము వండిన అన్నమునైనను పళ్ళెములో పరచి, ఆవిరి పోయిన తరువాతనే మూత పెట్టవలెను. వేడిమీద మూసిన డబ్బాలో ఆవిరి నీరై కారి, అన్నము త్వరగా చెడును. నిమ్మ పులుసో, చింతపండు పులుసో కలిపిన చిత్రాన్నము తెల్లన్నము కంటె ఎక్కువ సేపు నిలుచును. పులుపు వస్తువులకు స్టీలు డబ్బాయే తగినది. అల్యూమినియమును పులుపు తినివేయును. పచ్చికొబ్బరి చట్నీ ఎండకాలములో వలదు. దాని బదులు పొడి పెట్టుడు.

పెరుగన్నము పెట్టదలచిన తల్లులకు మన అవ్వలు చెప్పిన ఉపాయము ఒకటి కలదు. చల్లారిన అన్నములో కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు మాత్రము కలుపవలెను. మధ్యాహ్నమునకు అది కమ్మగా తోడుకొనును, పులియదు.

ఇక ఏమి పెట్టవలెను? దూరము పోనక్కరలేదు. మన నల్లరేగడి నేలలోను, ఎర్రనేలలోను పండునదే చాలును. జొన్నరొట్టె మెత్తగా నున్నప్పుడే బుడ్డల పొడి చల్లి, చుట్టగా చుట్టి, గుడ్డలో పెట్టి డబ్బాలో ఉంచుడు. బిడ్డ ఒక చేతితో పట్టుకొని తినగలదు, చేయి అంటుకొనదు. పలుచగా తట్టి, పెళపెళలాడునట్లు కాల్చిన ఎండురొట్టె కొన్ని దినములు నిలుచును. కొర్రన్నముతో నిమ్మకాయ చిత్రాన్నము చేసి, వేయించిన బుడ్డలు పిడికెడు కలుపుడు. ఉదయపు తొందరలో ఉగ్గాని చేయుట సులభము. బొరుగులు నానబెట్టుటకు ఎంతసేపు పట్టును? అందులో పుట్నాల పొడి కొంచెము ఎక్కువ వేసిన బలము హెచ్చును. బెల్లపు పాకములో చుట్టిన బుడ్డల ఉండలు రెండు జేబులో వేసినను చాలును. విరామ సమయములో అవి బిస్కట్ల కంటె మేలు.

లెక్క కావలసినవారికి లెక్కయు చెప్పెదము. నూరు గ్రాముల బియ్యములో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు. జొన్నలలో సుమారు 10. వేరుశనగ, అనగా మన బుడ్డలలో, సుమారు 24. రాగులలో సున్నము నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా కలదు. ఎముకలు పెరుగు వయసున అది అవసరము. తిండితో పాటు టీ త్రాగినచో ఆహారములోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసము పిండినచో బాగుగ పట్టును. బుడ్డల విషయమున ఒక్క జాగ్రత్త: బూజు పట్టినవి, ముడుచుకొనినవి, చేదెక్కినవి ఏరి పారవేయుడు. ఆ బూజులోని విషము కాలేయమునకు కీడు చేయును. వేయించినంత మాత్రమున పూర్తిగా పోదు.

పంటపనులు ముగిసిన తరువాత మన ప్రాంతమునుండి కుటుంబములు కుటుంబములే మిరప కోతలకును, పత్తి తీయుటకును దూరదేశములకు పోవుట అందరును ఎరిగినదే. పిల్లలను బడి మాన్పించి వెంట తీసికొనిపోవువారు కొందరు. అవ్వ దగ్గర వదలి పోవువారు కొందరు. వదలుటయే బిడ్డ చదువునకు మేలు. అట్లు వదలునప్పుడు పోవుటకు ముందే బుడ్డల పొడి, పుట్నాల పొడి దంచి, తడిలేని సీసాలలో పోసి పోవుడు. పది పదునైదు దినములు అవి చెడవు. అవ్వకు రొట్టె తట్టుట ఒక్కటే పని మిగులును.

చివరకు ఒక సున్నితమైన సంగతి. కొందరు పిల్లలు జొన్నరొట్టె తెచ్చుకొని, తోటివారు చూతురేమోయని డబ్బా మూత చాటున తినుచుందురు. లేదా తినకయే ఇంటికి తెత్తురు. ఈ సిగ్గు పిల్లలకు పుట్టుకతో వచ్చినది కాదు. వరియన్నము దొరతిండి, జొన్న పేదతిండి యని ఇంటిలోని పెద్దలు అనగా విని నేర్చినది. భారతదేశము కోరగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరముగ ప్రకటించెను. పట్టణములలో కొర్రలను బియ్యము కంటె ఎక్కువ వెలకు కొనుచున్నారు. పరులు వెలపెట్టి కొనుదానిని మన బిడ్డ దాచుకొని తినవలసిన పని యేమి? ఇంటిలో తండ్రి ఆ రొట్టెనే ఇష్టముగా తినుట బిడ్డ చూచినచో, వేరొక బోధ అక్కరలేదు.

సాయంకాలము బిడ్డ రాగానే మార్కులను గూర్చి అడుగుటకు ముందు డబ్బా మూత తీసి చూడుడు. మిగిలియున్నచో కోపింపక కారణ మడుగుడు. కారము ఎక్కువైనదా, రొట్టె గట్టిపడినదా, ఎవరైన నవ్విరా? ఆ జవాబును బట్టి మరునాటి డబ్బా కట్టుడు.