మరణాలను పాడుకునే గ్యాలరీలు



మైనారిటీల హక్కుల సభలో ఫుట్‌బాల్ ప్రస్తావన ఎందుకని కొందరు మిత్రులు ముందుగానే ప్రశ్నించారు. ఇంగ్లండు మైదానాలలో ప్రత్యర్థి జట్టు అభిమానులను ఏడిపించడానికి వారి మృతులనూ, వారి దుర్ఘటనలనూ పాటలుగా కట్టి వేలమంది ఒక్క గొంతుతో పాడే అలవాటు దశాబ్దాలుగా ఉన్నది. అది ఆటలో భాగమేనని సమర్థించేవారూ ఉన్నారు. చనిపోయినవారి మీదనే నేరం మోపడం ఎటువంటిదో ఎరిగిన సముదాయం మనది. కనుక ఆ సమర్థనను మనం కొంత నిలిచి పరిశీలించవలసి ఉన్నది.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్ జరిగింది. లివర్‌పూల్ అభిమానులకు కేటాయించిన ప్రవేశద్వారాలు ఇరుకైనవి, కొద్దివి. వెలుపల జనం పెరిగిపోగా పోలీసు అధికారి ఒక పెద్ద గేటు తెరిపించాడు. లోనికి వచ్చినవారు ఎదురుగా కనిపించిన సొరంగ మార్గం గుండా, అప్పటికే కిక్కిరిసి ఉన్న మధ్య భాగంలోకి నడిచారు. ఆ మార్గాన్ని మూయించవలసినవారు మూయించలేదు. ముందు ఇనుప కంచె, వెనుక నుండి ఒత్తిడి. నిలుచున్నవారు నిలుచున్నట్లే ఊపిరాడక ప్రాణాలు విడిచారు. మృతుల సంఖ్య కాలక్రమంలో 97కు చేరింది. నాటి గాయాల ఫలితంగా 97వ వ్యక్తి 2021లో కన్నుమూశారు. అందరిలోకీ చిన్నవాడి వయస్సు పదేళ్లు.

మరణాలు ఒక ఎత్తు, తరువాత జరిగినది మరొక ఎత్తు. అభిమానులే గేటును బలవంతంగా తెరిచారని ఆ అధికారి అబద్ధమాడాడు. పసివారితో సహా మృతుల రక్తం తీసి, మద్యం సేవించారేమోనని పరీక్షించారు. నాలుగు రోజులకు 'ది సన్' పత్రిక, అభిమానులు మృతుల జేబులు దోచారన్న ఆరోపణలను 'నిజం' అనే శీర్షిక కింద మొదటి పేజీలో అచ్చువేసింది. పోలీసు నియంత్రణ విఫలమగుటయే ప్రధాన కారణమని న్యాయమూర్తి టేలర్ ఆ సంవత్సరమే తేల్చినా ఆ మచ్చ చెరగలేదు. 160కి పైగా పోలీసు వాంగ్మూలాలను దిద్దినట్లు 2012లో స్వతంత్ర సంఘం బయటపెట్టింది. ఆ మరణాలు చట్టవిరుద్ధమైన హత్యలేననీ, అభిమానుల దోషమేమీ లేదనీ 2016 ఏప్రిల్‌లో జ్యూరీ తీర్పు చెప్పింది. ఇరవై ఏడేళ్లు! బిడ్డ మీది నింద తొలగకముందే మట్టిలో కలిసిన తల్లిదండ్రులున్నారు.

ఈ కాలమంతటా ఎదుటి గ్యాలరీలలో ఏమి పాడారు? లివర్‌పూల్ వారు ఎప్పుడూ బాధితుల వేషం కడతారనీ, తమ తప్పు ఒప్పుకోరనీ పాడారు. 2016 తీర్పు తరువాత కూడా పాడుతూనే ఉన్నారు. న్యాయస్థానం కొట్టివేసిన పోలీసు అబద్ధం పాటగా మారి బ్రతికి ఉన్నది. పాడే కుర్రవాడు ఆ దుర్ఘటన నాటికి పుట్టి ఉండకపోవచ్చు, అతనికి చరిత్ర తెలియకపోవచ్చు. అయినా నిందను మాత్రం రాగంతో సహా కంఠస్థం చేశాడు. ఈ పాటలలోని అసలు హాని మర్యాద లోపించడం కంటే పెద్దదని మేము భావిస్తున్నాము.

లివర్‌పూల్ గ్యాలరీల నుండి కూడా ఇటువంటి పాటలు వినవచ్చాయి. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో, మంచు బురద పేరుకున్న రన్‌వే మీద, మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ప్రయాణిస్తున్న విమానం మూడవసారి ఎగరబోయి కూలింది. 23 మంది మరణించారు, వారిలో ఎనిమిదిమంది ఆటగాళ్లు. ఆ జట్టు ఎదుట చేతులు విమానం రెక్కలవలె చాచి ఊగేవారు లివర్‌పూల్‌లోనూ, ఇతర నగరాలలోనూ ఉన్నారు. మీరు మా వారిని అన్నారు గనుక మేము మీ వారిని అంటున్నామన్నది ఇరువైపుల సంజాయిషీ. 2023 మార్చిలో ఈ రెండు జట్లు తలపడబోయే ముందు, ఇరు జట్ల శిక్షకులూ కలిసి ఈ పాటలు మానుకోవాలని అభిమానులను కోరవలసి వచ్చింది.

వేళాకోళం లేని ఆట ఉప్పులేని కూర అంటారు. మేమూ కాదనము. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ జరిగినప్పుడు మన హైదరాబాదీ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు జట్టును స్టేడియం నిండుగా ఉన్న జనం అడుగడుగునా గేలిచేశారు. ఒక భారత ప్రతినిధి మాటలపై వారికి కోపం. ఆ హోరులోనే మనవారు దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం గెలిచారు. ప్రేక్షకులలో మన జట్టును ప్రోత్సహించినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని చెప్పుకుంటారు. గేలిని ఆటతో జయించవచ్చు. ఈలలకు గోలు జవాబు కాగలదు. చచ్చిపోయిన బిడ్డను గురించిన పాటకు ఏ గోలు జవాబు?

ఇక మన నగరం మాట. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలి తొమ్మిదిమంది మరణించారు. ఆ తరువాత పోలీసు కాల్పులలో మరి అయిదుగురు. మృతులు మనవారు, అనుమానమూ మనవారి మీదనే. పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు, హింసించారు, పత్రికలకెక్కించారు. కోర్టులు వారిని నిర్దోషులన్నాయి. మరొక దర్యాప్తులో నిందితులైన వేరే వ్యక్తులనూ 2018లో ప్రత్యేక న్యాయస్థానం విడిచిపెట్టింది. అంటే ఆ మరణాలకు ఎవరూ బాధ్యులు కాలేదు. హిల్స్‌బరో తల్లుల గురించి చదివినప్పుడు మనకు దగ్గరితనం కలుగుతుంది. ఊరేగింపులలో ఒక ఊచకోత పేరును బెదిరింపుగా కేక వేసినప్పుడు మన పిల్లలు ఎట్లు తలవంచుకుంటారో మనకు తెలుసు గదా.

అయితే ఈ బాధ మన బాధగా మాత్రమే ఉండిపోతే మనం మాట్లాడుతున్నది హక్కుల భాష కానేరదు. లండన్‌లోని టాటెన్‌హామ్ జట్టుకు యూదు అభిమానులు ఎక్కువ. వారి ఎదుట హిట్లర్ విషవాయు గదులను గుర్తుచేస్తూ బుసకొట్టే శబ్దం చేసే ప్రేక్షకులు ఉన్నారు. అది నీచం. 2024 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌కు వచ్చిన మక్కాబీ టెల్ అవీవ్ అభిమానులలో కొందరు, గాజాలో పిల్లలే మిగలలేదు గనుక బడులే లేవన్న అర్థం వచ్చే పాట పాడారు. అదీ అంతే నీచం. ఆ తరువాత వీధులలో ఇజ్రాయెల్ అభిమానులను వెంటాడి కొట్టడాన్ని కూడా మేము సమర్థించము. ఒక శవయాత్ర పోతుండగా ప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది యూదునిదని సహచరులు విన్నవించగా, అతడూ ఒక ప్రాణమే కదా అన్న భావం వచ్చేట్లు బదులిచ్చారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఒక జాతి మరొక జాతిని ఎగతాళి చేయరాదన్న హుజురాత్ అధ్యాయపు ఆదేశం స్టేడియం గేటు దగ్గర ఆగిపోదు.

మరి చట్టమో? ఇక్కడ మాకు కొంత జంకు ఉన్నది. 2023 ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లో 97 సంఖ్య చాలలేదన్న అర్థమిచ్చే చొక్కా తొడుక్కొచ్చిన వ్యక్తికి ఇంగ్లండు న్యాయస్థానం వెయ్యి పౌండ్ల జరిమానా విధించి, నాలుగేళ్లు మైదానాలకు దూరం చేసింది. ఆ శిక్ష మాకు సబబుగానే తోచింది. కానీ స్కాట్లాండు 2012లో తెచ్చిన ఫుట్‌బాల్ చట్టం, 'మనస్సు నొప్పించే' ప్రవర్తన అంటూ గీత లేనంత విశాలంగా వ్రాయబడింది. అభిమానులు, న్యాయవాదులు వ్యతిరేకించగా 2018లో దానిని రద్దుచేశారు. అటువంటి విశాలమైన మాటలు ముందుగా ఎవరి మెడకు చుట్టుకుంటాయో మన దేశంలో మనకు వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి ఫలానా మృతులను, ఫలానా దుర్ఘటనను గురి చేసుకుని వారి వారిని వేధించే పాటకు మాత్రమే శిక్ష ఉండాలి. నోటికి వచ్చిన ప్రతి బూతుకూ కాదు, రాజకీయ అభిప్రాయానికి అసలే కాదు.

ఈ తేడాను పాలకులు గుర్తించరనడానికి ఒక ఉదాహరణ. 2016 ఆగస్టులో ఇజ్రాయెల్ జట్టు హపోయెల్ బీర్‌షెబాతో జరిగిన మ్యాచ్‌లో గ్లాస్గో నగరపు సెల్టిక్ అభిమానులు పాలస్తీనా జెండాలు ఎగరవేశారు. ఎవరి మృతులనూ గేలి చేయలేదు, జెండా పట్టుకున్నారంతే. యూరోపు ఫుట్‌బాల్ సంఘం క్లబ్బుకు జరిమానా వేసింది. అభిమానులు తలా కొంత వేసుకుని లక్షా డెబ్బై వేల పౌండ్లకు పైగా పోగుచేశారు, జరిమానాకు కాదు, పాలస్తీనా సహాయ సంస్థలకు. అందులో కొంత బేత్లెహేము పక్కనున్న ఐదా శరణార్థి శిబిరానికి చేరింది. ఆ శిబిరపు పిల్లలు ఒక ఫుట్‌బాల్ జట్టు కట్టుకుని, దానికి ఐదా సెల్టిక్ అని పేరు పెట్టుకున్నారు.